మంచుకొండ నోటుబుక్కులో నేను రాయని పేజీ

ఈ వృత్తాంతాన్ని ఎందుకు రాయవలసి వచ్చిందో ముందుగా చెప్పడం న్యాయం. రెండేళ్ల కిందట నేను ఒక నోటుబుక్కు రాశాను. పెద్ద మంచుకొండ మీద స్కీయింగుకు వెళ్లేవారికి అక్కడ ఏమేమి ఎదురవుతాయో, వేటికి సిద్ధపడి ఉండాలో అందులో నలభై పేజీల్లో క్రమంగా వివరించాను. ఆ పేజీలను ఎవరో ఫోనులో ఫోటోలు తీశారు. ఇప్పుడవి మస్కట్‌లోని రూవి రూముల్లో, ఒమాన్ లోపలి బహ్లా సైట్లలో, నేను ఎన్నడూ చూడని మనుషుల చేతుల్లో తిరుగుతున్నాయని తెలిసింది. తిరగడం సంతోషమే. కాని ఆ నోటుబుక్కులో ఒక పేజీ లేదు. అది చినిగిపోలేదు, ఊడిపోలేదు. నేనే రాయలేదు. మరచిపోయీ కాదు, తెలిసే రాయలేదు. దానివల్ల ఒక మనిషి బతుకుదెరువు పోబోయింది. అసలు ప్రతి ఎంత దూరం వెళ్లిందో దిద్దుబాటు కూడా అంత దూరం వెళ్లాలి. అందుకే ఇది.

నేను మస్కట్ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అంతకుముందు గుంటూరు జిల్లాలో నాలుగేళ్లపాటు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పాను. ఇక్కడ ఒక నిర్మాణ కంపెనీలో పరిపాలనాధికారిగా చేరాను. కొత్తగా విమానం దిగిన కార్మికులకు మొదటి రోజు పాఠం చెప్పే బాధ్యత నాది. పాఠంలో పద్నాలుగు నియమాలు ఉండేవి. పదకొండోది ఇది: ఫోర్‌మన్ చెప్పనిదే ఎవరూ మెషిన్ ఆపరాదు.

ఆ నియమం ఊరికే పుట్టలేదు. ఒక ఎండాకాలం శ్లాబు పోస్తుండగా, ఎవరో ఆపమని కేక వేశారనుకొని ఒక కార్మికుడు కాంక్రీటు పంపును ఆపేశాడు. కేక వేసింది భోజనానికి. తిరిగి నడిపించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆ ఎండకు గొట్టాల్లోనే కాంక్రీటు రాయి అయింది. గొట్టాలు కోసి పారేశారు, సగం పోసిన శ్లాబును పగలగొట్టారు. మరునాటి నుంచి పదకొండో నియమాన్ని కార్మికులందరి చేతా బిగ్గరగా చెప్పించేవాణ్ణి. పంపు ఆపరేటర్ల చేత రెండుసార్లు చెప్పించేవాణ్ణి. ఆ తరువాత నా హయాంలో ఏ పంపూ అలా ఆగలేదు. ఆ విషయంలో నాకు గర్వం ఉండేది, ఇప్పటికీ కొంత ఉంది.

ఇక మంచుకొండ సంగతి. కంపెనీలో దీర్ఘకాలం పనిచేసిన కొందరికి యాజమాన్యం కాకసస్ పర్వతాల్లో వారం రోజుల విహారం ఏర్పాటు చేసింది. నేనూ నా భార్యా వెళ్లాము. అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి మంచు మీద అడుగు పెట్టాను. మా కార్యక్రమ పత్రంలో మూడు రోజుల స్కీ శిక్షణ అని ఉంది.

"చూసి వచ్చేస్తే సరిపోతుంది కదండీ, జారి కూడా రావాలా?" అంది నా భార్య.

పత్రంలో ఉన్నదాన్ని వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. మూడు రోజులూ హాజరయ్యాను. ప్రతి సాయంత్రం హోటలు గదిలో కూర్చుని ఆనాడు చూసినదాన్ని శీర్షికల కింద రాశాను. మస్కట్ తిరిగి వచ్చి శుభ్రప్రతి చేశాను. చాలా బాగా కుదిరిందనుకున్నాను.

గత సంవత్సరం మా కంపెనీలో పనులు తగ్గాయి. పంపు ఆపరేటర్లలో చాలామందిని తీసివేశారు. వారిలో ఒకతను జగిత్యాల వైపు నుంచి ఇరవై ఏళ్ల కిందట వచ్చినవాడు. పేర్లు రాయరాదని నియమం పెట్టుకున్నాను గనుక అతణ్ణి పంపుమనిషి అంటాను. నలభై నాలుగేళ్ల వాడు, మితభాషి, ఇరవై ఏళ్లలో డ్యూటీకి ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. అతని పతాకా, అంటే ఇక్కడ నివాసానికి ఇచ్చే కార్డు, నెలన్నరలో ముగియబోతోంది. ఆ వయసు పంపు ఆపరేటరును కొత్తగా తీసుకునే కంపెనీ దొరకలేదు.

మస్కట్‌లో గోడల మధ్య మంచు తయారుచేసి జనాన్ని ఆడించే హాలు ఒకటి ఉంది. దానికి మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరు, జనాన్ని వాలు పైకి చేర్చే లిఫ్టు దగ్గర నిలబడే పనివాళ్లను వెతుకుతున్నాడు. హాల్లో పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లలో ఇద్దరిని చలికాలమంతా ఒక పెద్ద మంచుకొండకు పంపుతాడట. అక్కడ పని బాగుంటే ఏటేటా పిలుస్తారట. పంపుమనిషి ఒక శుక్రవారం దార్సైట్‌లోని మా ఫ్లాటుకు వచ్చాడు. వెంట కడప నుంచి వచ్చిన ఒక డ్రైవరు ఉన్నాడు. ఇంట్లో దక్కనీ, బయట కడప తెలుగు మాట్లాడే మనిషి. ఇద్దరిదీ రూవిలో ఒకే రూము.

"సార్, మీరు మంచుల తిరిగొచ్చిండ్రట గద," అన్నాడు పంపుమనిషి. "ఆడికొచ్చేటోళ్లకు ఏం గావాలె, ఏం ఇబ్బందైతది, గదంత మాకు జెప్పుండ్రి. ఈ వయసుల నేను ఇంకొక పని నేర్సుకోవాల్నంటే మీరే దిక్కు."

"నాకూ అంతే సా," అన్నాడు డ్రైవరు. "నాకు మాత్రం ఆడ తిండి యాడ దొరుకుతాదో ముందు చెప్పల్లా."

ప్రతి శుక్రవారం తొమ్మిది గంటలకు రమ్మన్నాను. పంపుమనిషి రూవిలో బైసా బస్సు, అంటే తలా కొంత ఇచ్చి ఎక్కే చిన్న వ్యాను, ఎక్కి ఎనిమిదీ ముప్పావుకే వచ్చి మెట్ల దగ్గర నిలబడేవాడు. డ్రైవరు మొదటివారం పది నిమిషాలు ఆలస్యమయ్యాడు. తలుపు తీయలేదు. రెండోవారం అతనూ ఎనిమిదీ ముప్పావుకే మెట్ల దగ్గర ఉన్నాడు.

నోటుబుక్కు తెరిచి మొదటి పేజీ నుంచి చెప్పాను. పెద్ద స్కీ రిసార్టు అంటే ఒక కొండ కాదు, లిఫ్టులతో కలిపిన అనేక వాలుల సముదాయం అని మొదటి వాక్యం. వచ్చినవాడు ముందు కిందనున్న హాల్లో బూట్లు, వాటికి బిగించే పొడవాటి పలకలు, అంటే స్కీలు, అద్దెకు తీసుకుంటాడు. ఆ బూటు మోకాలి కింద దాకా బిగుసుకుంటుంది. ముందుకు వంగితేనే అడుగు పడుతుంది, నిటారుగా నిలబడితే వెనక్కి పడతాడు. మేజోళ్లు ఒక్క జతే వేసుకోవాలి. చలి అని రెండు జతలు తొడిగితే కాలు నొక్కుకుపోయి ఇంకా చల్లబడుతుంది.

"మా రూములో మేజోళ్లు ఒకటే జత సా," అన్నాడు డ్రైవరు. "నలుగురం వంతులేసుకుంటాం. ఆ నియమం మేము తప్పలేము."

తరువాత లిఫ్టు ఎక్కే పాసు. కార్డును ఎడమ జేబులో పెట్టుకొని నిలబడితే గేటు దానంతట అదే తెరుచుకుంటుంది. కొత్తవాళ్లు కార్డు తీసి అటూ ఇటూ చూపిస్తూ వెనకవాళ్లను ఆపేస్తారు. లిఫ్టు దగ్గర నిలబడేవాడు జేబును వేలితో చూపిస్తే చాలు, మాట అక్కరలేదు. భాషలు పది రకాలు ఉండే చోట అది మంచి పద్ధతి.

వాలులకు రంగులు ఉంటాయి. ఆకుపచ్చది నేర్చుకునేవారికి, నీలం దాని తరువాతది, ఎరుపు ఆరితేరినవారికి, నలుపు గోడలాగా నిలువుగా ఉండేది. ఇది చెప్పగానే పంపుమనిషి చెయ్యెత్తాడు.

"ఎర్రదంటే ఆగుమని గాదా సార్?"

"ఇక్కడ కాదు. ఎరుపు అంటే వెళ్లవచ్చు, కాని నీకు వచ్చి ఉండాలి."

"అయితే పచ్చదాని మీద గూడ ఆగొచ్చా?"

"ఎక్కడైనా ఆగవచ్చు. ఇరుకు చోట, మలుపు కింద మాత్రం ఆగరాదు. పైనుంచి వచ్చేవాడికి ఆగినవాడు కనబడడు."

పైనుంచి వచ్చేవాడే కిందవాణ్ణి చూసుకొని తప్పుకోవాలన్నది అక్కడి మొదటి నియమం. కిందవాడికి వెనక కళ్లు ఉండవు గనుక. ఆ నియమం నాకు ఎంతో నచ్చింది, దానికి ఒక పేజీ కేటాయించాను. గాయపడిన మనిషికి కొంచెం పైన రెండు స్కీలను కత్తెరలాగా పెట్టి మంచులో గుచ్చుతారు, ఆ గుర్తు చూసి దిగేవాళ్లు దూరంగా తప్పుకుంటారు, కొండ మీద కాపలా తిరిగే ఎర్రకోటువాళ్లు వచ్చి స్ట్రెచరు మీద తీసుకుపోతారు అని కూడా రాశాను.

ఎండ గురించి చెప్పినప్పుడు వాళ్లకు నేను నేర్పవలసిందేమీ లేకపోయింది. మంచు మీద ఎండ కింద నుంచి తిరిగి కొడుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున చర్మం మాడుతుంది.

"శ్లాబు మీద గంతే సార్," అన్నాడు పంపుమనిషి. "తెల్లగ ఎండినంక కిందికెల్లి గొడ్తది. గందుకే మేం మూతికి గుడ్డ కట్టుకుంటం."

మంచు రోజంతా ఒక్కలాగా ఉండదు. పొద్దున అద్దంలాగా గట్టిగా ఉంటుంది, పదకొండుకు మెత్తబడుతుంది, మూడు దాటాక తడి ఇసుకలాగా కాళ్లను పట్టేస్తుంది. మనుషులు అలసిపోయేదీ అప్పుడే. చివరి ఒక్కసారి అని పైకి వెళ్లి దిగేటప్పుడు ఎక్కువమంది పడతారు. చివరి లిఫ్టు వేళ దాటితే కాలినడకే. గాలి పెరిగితే పై లిఫ్టులు మూసేస్తారు, వచ్చినవాళ్లు లిఫ్టు దగ్గర నిలబడ్డవాడి మీద విరుచుకుపడతారు. ఈ ఘట్టాన్ని నటించి చూపమన్నాను. డ్రైవరు స్కీయరు వేషం కట్టాడు.

"నేను ఇంత దూరం విమానంలో వచ్చినా. నీకు గాలి యాడ కనపడతాంది? ఒక ఆకన్నా కదులుతాందా ఈడ?"

"ఈడ ఆకులే లెవ్వు సార్," అన్నాడు పంపుమనిషి మర్యాదగా. "మీరు మా పెద్దసారును అడుగుండ్రి. నా చేతుల ఏం లేదు."

ఆ జవాబును నేను ప్రత్యేకంగా మెచ్చుకున్నాను. తన పరిధి తెలిసినవాడి మాట అది అని చెప్పాను. డ్రైవరు కూడా అలాగే మాట్లాడడం నేర్చుకోవాలన్నాను. ఈ మాటలు నేనే అన్నానని ఇక్కడ ఒప్పుకొని తీరాలి.

చివరి పాఠం లిఫ్టు. నలుగురు కూర్చునే కుర్చీ వెనక నుంచి వచ్చి మోకాళ్ల వెనుక తాకుతుంది, తాకగానే కూర్చోవాలి, కడ్డీని కిందికి దించుకోవాలి, పైన దిగేటప్పుడు స్కీల ముందు కొసలు ఎత్తి పట్టాలి, దిగిన చోట నిలబడకుండా పక్కకు జరగాలి. ఇదంతా బొమ్మలు గీసి వివరించాను. ఆ పేజీ అడుగున మూడు వాక్యాలు ఉన్నాయి: "లిఫ్టు అప్పుడప్పుడు మధ్యలో ఆగును. కారణము తెలుపబడదు. ప్రయాణికులు ఓపికతో కూర్చుండవలెను." చదివి, నోటుబుక్కు మూశాను. అప్పుడే నా భార్య టీ కప్పులు తీసుకొచ్చి నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

పరీక్ష ఒక శనివారం పొద్దున, హాలు తెరవకముందు జరిగింది. నేను అద్దం ఇవతల కుర్చీలు వేసిన చోట నిలబడి చూశాను. బయట చెమట, లోపల మంచు. పరీక్షించేది ఒక నేపాలీ సూపర్‌వైజరు. చాలా చలికాలాలు కొండల మీద పనిచేసినవాడు, పెద్దగా మాట్లాడడు. హాల్లోని లిఫ్టు కుర్చీలది కాదు, వాలు మీదుగా పైకి పాకే వెడల్పాటి రబ్బరు పట్టీ. దాని మీద నిలబడితే అదే పైకి తీసుకుపోతుంది. పై కొసన పట్టీ నేలలోకి దిగిపోయే చోట ఒక సన్నని నోరు ఉంటుంది. పక్కనే స్తంభానికి పుట్టగొడుగులాంటి ఎర్ర బటన్. ఏదైనా అడ్డం పడితే పట్టీ దానంతట అదే ఆగే ఏర్పాటు కూడా ఉందట. పరీక్ష కోసం దాన్ని తీసి ఉంచారు.

మొదట డ్రైవరు స్తంభం దగ్గర నిలబడ్డాడు. ఇసుక నింపి, పిల్లల కోటు తొడిగిన గుడ్డబొమ్మను సూపర్‌వైజరు కింద పట్టీ మీద కూర్చోబెట్టాడు. అది పైదాకా వచ్చి పక్కకు ఒరిగింది. ఒరుగుతుండగానే డ్రైవరు బటన్ మీద గుద్దాడు. పట్టీ ఆగింది. ఏళ్ల తరబడి బ్రేకు మీద కాలు పెట్టి బతికినవాడు, ఆలోచించవలసిన పని లేదు.

తరువాత పంపుమనిషి. బొమ్మ వచ్చింది, ఒరిగింది. అతను బటన్ ముట్టలేదు. తల తిప్పి అద్దం వైపు చూశాడు, సూటిగా నా ముఖంలోకి. ఆ చూపు నాకు తెలుసు. ఇరవై ఏళ్లు ప్రతి సైట్లో చూశాను. ఆజ్ఞ కోసం చూసే చూపు. మరుక్షణం అతను వంగి బొమ్మను రెండు చేతులా పట్టి లాగాడు. బలమైనవాడు, బొమ్మ బయటికి వచ్చింది. కోటు చేయి మాత్రం పట్టీ నోట్లో ఇరుక్కుని భుజం దగ్గర చినిగిపోయింది.

సూపర్‌వైజరు పట్టీని ఆపి, ఆ చినిగిన కోటు చేతిని పట్టీ నోట్లోంచి లాగి, పంపుమనిషి ముందు పట్టుకున్నాడు. హిందీలో రెండే మాటలన్నాడు. బటన్ నీ మోచేతికి తగులుతోంది కదా, ఎవరి కోసం చూశావు?

డ్రైవరు పేరు జాబితాలో ఎక్కింది. రెండో ఖాళీకి ఇంకెవరైనా దొరుకుతారేమో చూస్తామన్నారు, జాబితా పదిరోజుల్లో వెళ్లిపోతుందన్నారు.

మరునాడు పంపుమనిషి మా ఇంటికి ఒక్కడే వచ్చాడు. నోటుబుక్కు ప్రతి ఒకటి చేతిలో ఉంది. కోపం లేదు. కోపం ఉంటే నాకు సులభంగా ఉండేది.

"సార్, రాత్రంత మీ బుక్కు మొత్తం సదివిన," అన్నాడు. "ఆపుడు గురించి దీంట్ల ఒక్క కాడనే ఉన్నది." ఆ మూడు వాక్యాలూ వేలు పెట్టి చదివాడు. "కారణము తెలుపబడదు అని రాసిండ్రు. ఆపేది పైనున్న పెద్దోళ్లేమో, మన పని గాదేమో అనుకున్న. కారణమేందో మీకు ఎర్కనా సార్?"

నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

"కారణం ఆయనే," అంది నా భార్య వంటింటి గుమ్మంలోంచి. "చెప్పండి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్పాను. కూర్చుని చెప్పదగిన విషయం కాదనిపించి లేచి నిలబడ్డాను.

శిక్షణ రెండో రోజున నేను కుర్చీ లిఫ్టు మీద పైకి వెళ్లాను. దిగేచోట స్కీ కొసలు ఎత్తడం మరిచాను. ఒక స్కీ మంచులో గుచ్చుకుంది, నేను బోర్లా పడ్డాను. వెనక కుర్చీలో నలుగురు వస్తున్నారు. వాళ్ల స్కీలు నా తలకు మూరెడు దూరంలో ఉండగా లిఫ్టు మొత్తం ఆగిపోయింది. కొండ కింది నుంచి పై దాకా వందలాది మంది గాలిలో వేలాడుతూ నిలిచిపోయారు. ఆపింది ఎవరో అధికారి కాదు. పక్కన పార పట్టుకొని మంచు సర్దుతున్న ఒక ముసలి పనివాడు. పార వదలకుండానే మోచేత్తో బటన్ నొక్కాడు. తరువాత వచ్చి నన్ను లేపి, మోకాళ్ల మీది మంచు దులిపి, మళ్లీ పార అందుకున్నాడు.

నేను అతనికి ధన్యవాదాలు చెప్పలేదు. ఇంతమంది చూస్తుండగా నా ఒక్కడి కోసం మెషిన్ ఆపాడని నాకు సిగ్గుగానూ కోపంగానూ ఉంది. ఆ సాయంత్రం హోటలువాళ్లు అభిప్రాయం రాయమని ఇచ్చిన కాగితం మీద, కింది స్థాయి పనివాళ్లు పైవారిని అడగకుండా లిఫ్టు ఆపుతున్నారు, ఇది క్రమశిక్షణారాహిత్యం అని రాశాను. నోటుబుక్కులో మాత్రం ఆ మూడు వాక్యాలే రాశాను.

పంపుమనిషి చేతిలోని ప్రతిని మడిచి పక్కన పెట్టాడు. తరువాత, "ఆ ముసలాయినను ఏమన్న అన్నరా సార్, మీ కాగితం సూసి?" అని అడిగాడు.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆ ప్రశ్న ఈ రోజుకీ నాతోనే ఉంది.

సూపర్‌వైజరును మళ్లీ ఒకసారి చూడమని అడిగి వస్తాను, ఈలోగా నువ్వు నేర్చుకోవాలి అన్నాను. ఎలా నేర్పడం? ఇంట్లో ఉన్న మెషిన్ ఒక్కటే, నా భార్య దోసెలపిండి రుబ్బే గ్రైండరు. దాన్ని నడిపించి, పంపుమనిషిని స్విచ్ పక్కన నిలబెట్టాను. నేను చెంచా కింద పడేస్తాను, చప్పుడు వినగానే ఆపాలి, ఎవరినీ అడగరాదు అని చెప్పాను. చెంచా పడేశాను. అతని చెయ్యి స్విచ్ దాకా వెళ్లింది, కళ్లు నా ముఖం మీదికి వచ్చాయి. మళ్లీ పడేశాను. మళ్లీ చూశాడు. తొమ్మిదిసార్లు పడేశాను. తొమ్మిదిసార్లూ ఆపాడు, తొమ్మిదిసార్లూ ముందు నన్ను చూశాకే ఆపాడు.

"ఇవాళ పిండి నలిగినట్టే," అంది నా భార్య.

"నేనేం జేద్దు అమ్మా," అన్నాడు పంపుమనిషి. "మెడ దానంతట అదే తిరుగుతున్నది. పదకొండో నంబరు సారు రెండుమాట్ల జెప్పిచ్చిండు."

"ఏవండీ," అంది నా భార్య నాతో, "మీరు కాసేపు కిందికి వెళ్లి పేపరు చదువుకోండి."

వెళ్లాను. గంట తరువాత వచ్చేసరికి వంటింట్లో నవ్వులు వినిపించాయి. మీరు లేకపోతే బాగానే ఆపుతున్నాడని నా భార్య నివేదించింది. చెంచా కూడా అక్కరలేదట, బియ్యం గింజ పడినా ఆపుతున్నాడట. ఆ వారమంతా సాయంత్రాలు అతను వచ్చాడు, నేను కిందికి వెళ్లాను. శిక్షకుడు గది బయట ఉంటే శిష్యుడు నేర్చుకున్న పాఠం నా జీవితంలో అదొక్కటే.

సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను, హోటలు కాగితంతో సహా. ఆయన ఒక షరతు పెట్టాడు. ఈసారి బొమ్మ వద్దు, మీరే పట్టీ ఎక్కాలి. ఆ మనిషి మొన్న అద్దంలోంచి మీ కోసం చూశాడు, ఆజ్ఞ ఇచ్చే మనిషే పడితే ఏం చేస్తాడో అది చూడాలి. ఆరేడుసార్లు ఎక్కి దిగండి, ఎప్పుడో ఒకసారి పడండి, ఎప్పుడన్నది ఎవరికీ చెప్పకండి. నేను బొమ్మను కాదు గనుక పట్టీ తానుగా ఆగే ఏర్పాటును ఈసారి ఉంచుతానని, అయితే అది పనిచేయకముందే ఆ మనిషి బటన్ నొక్కాలని అన్నాడు.

నేను ఐదోసారి పడాలని నిర్ణయించుకున్నాను. మోకాలికి తొడుగు వేసుకున్నాను, ఎటు వైపు పడాలో కూడా నిశ్చయించుకున్నాను.

మూడోసారే పడ్డాను. నిజంగా పడ్డాను. పై కొసన బూటు జారింది, ఎటు వైపు పడ్డానో కూడా తెలియలేదు. నా చెవి మంచుకు తాకేసరికే పట్టీ చప్పుడు ఆగిపోయి ఉంది. కళ్లు తెరిచి చూస్తే పంపుమనిషి అరచెయ్యి ఎర్ర బటన్ మీదే ఉంది. అతను నా ముఖం చూడడం లేదు. పట్టీ నోటికి నా కోటు అంచు ఎంత దూరంలో ఉందో చూస్తున్నాడు.

నా నోటి వెంట ముప్పై ఏళ్ల అలవాటు మాట వచ్చింది. "ఎవరు ఆపమన్నారు?"

"ఎవలు జెప్పలే సార్," అన్నాడు. "మీరు పడ్డరు. ముందుగాల ఆ చెయ్యి ఇటియ్యుండ్రి."

సూపర్‌వైజరు నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి గోడకు ఆనించి రాసుకున్నాడు. అద్దం అవతల డ్రైవరు మాత్రం పొట్ట పట్టుకొని నవ్వుతున్నాడు. ఆ తరువాత చాలా రోజులు నన్ను చూసినప్పుడల్లా, "ఐదోసారి ఎప్పుడు సా?" అని అడిగేవాడు.

ఇద్దరూ ఈ చలికాలం కొండ మీదే ఉన్నారు. పంపుమనిషి ఒక కుర్చీ లిఫ్టు పై కొసన నిలబడతాడు. వారానికి ఒకసారి ఫోనులో మాట పంపుతాడు. అందులో నా నోటుబుక్కు మీద దిద్దుబాట్లు ఉంటాయి. చివరి లిఫ్టు వేళ అన్ని నెలల్లోనూ ఒకటే అని రాశాను, అది తప్పట. పగలు పెరిగేకొద్దీ మారుతుందట. కడ్డీని ఎప్పుడు ఎత్తాలో రాయలేదట, దిగేచోటుకు ముందు బోర్డు కనబడగానే ఎత్తాలట. మేజోళ్ల విషయంలో మాత్రం మీరు రాసిందే నిజం సార్ అన్నాడు. ఆ ఒక్క మాటకు ఎంత సంతోషించానో నా భార్యకు చెప్పలేదు, ఆమెకు తెలిసిపోయింది.

ఇక ఆ పేజీ. నోటుబుక్కులో లిఫ్టు పేజీ అడుగున ఉన్న మూడు వాక్యాలను కొట్టివేసి ఇలా చదువుకోవాలి: లిఫ్టు తరచుగా ఆగుతుంది. దిగేచోట ఎవరో పడి ఉంటారు, పక్కన నిలబడ్డ పనివాడు ఎవరినీ అడగకుండా ఆపి ఉంటాడు. అది అతని హక్కు కాదు, అతని మొదటి పని. పడ్డవాడు మీరే అయితే సిగ్గుపడనక్కరలేదు, లేచాక అతనికి ధన్యవాదాలు చెప్పాలి. స్కీయరుగా వెళ్లేవాడు దీనికి సిద్ధపడి ఉండాలి, లిఫ్టు దగ్గర నిలబడబోయేవాడు దీన్ని మొదటి రోజే నేర్చుకోవాలి. పదకొండో నియమం కాంక్రీటు పంపుకు వర్తిస్తుంది. మనుషులను మోసే మెషినుకు వర్తించదు. ఈ తేడా నేను ముప్పై ఏళ్ల కిందటే చెప్పి ఉండవలసింది.

మిగిలిన ముప్పై తొమ్మిది పేజీల్లో ఇంకెన్ని తప్పులు ఉన్నాయో నాకు తెలియదు. నేను చూసింది ఒకే కొండ, ఏడే రోజులు. అందులో ఒక రోజంతా కోపంతోనే చూశాను. ఈ ప్రతి ఎవరి ఫోనులో ఉన్నా వారికి నా విన్నపం ఇది. మీకు తెలిసిన విషయానికి విరుద్ధంగా ఏదైనా కనబడితే, సారు పెద్దవాడు, ఊరికే రాయడు అని వదిలేయకండి. నన్ను అడిగి దిద్దుదామని కూడా ఆగకండి. ముందు మీ ప్రతిలో మీరే కొట్టివేయండి. ఆ తరువాత తీరిక చూసుకొని నాకు తెలియజేయండి.